పేరు పెట్టి ఒప్పుకోవడం: పశ్చాత్తాపం నుంచి మార్పు దాకా ఎలా నడవాలి

"ప్రభువా, తెలిసీ తెలియక చేసిన నా పాపాలన్నీ క్షమించు" అని ప్రార్థించి లేచినవారిని, ఇప్పుడు ఏ పాపానికి క్షమాపణ అడిగారని అడిగితే చాలామందికి మాట రాదు. నిజంగా మారాలని కోరుకునేవారు కూడా ఏళ్ల తరబడి ఒకే తప్పు చుట్టూ తిరగడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. పాపం ఫలానా రోజున, ఫలానా మనిషి దగ్గర, ఫలానా మాటగా జరుగుతుంది. ఒప్పుకోలు మాత్రం అన్నిటినీ కలిపి ఒక్క మూటగా కట్టేస్తుంది. విప్పి చూడని మూటలో ఏది పోయిందో, ఏది మిగిలిందో తెలియదు.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి జనం వచ్చి మేమేం చేయాలని అడిగినప్పుడు ఆయన ఇంకా ఏడవమని చెప్పలేదు. రెండు అంగీలున్నవాడిని లేనివాడికి ఒకటి ఇవ్వమన్నాడు. పన్ను వసూలు చేసే సుంకరులను నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులను ఎవరినీ బెదిరించవద్దని, అబద్ధపు నేరం మోపవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు (లూకా 3:10-14). ఎవరి పాపం ఎక్కడ నడుస్తోందో అక్కడే, వాళ్ల రోజువారీ పనిలోనే, మారుమనస్సుకు తగిన ఫలం చూపించాడు. కింద చెప్పే పద్ధతి అంతా ఆ దారిలోనిదే.

ముందు, ఏది మీ పాపమో తేల్చుకోండి

మనసును నొక్కే భారాలన్నీ పాపాలు కావు. కూర్చుని వాటిని మూడుగా విడదీయండి. దేవుని ఆజ్ఞకు విరోధమని తెలిసి చేసినది, లేదా చేయాలని తెలిసీ మానేసినది పాపం. మేలు చేయడం తెలిసీ చేయకపోవడం పాపమని యాకోబు 4:17 చెబుతుంది. రెండోది పొరపాటు: తేదీ మరచిపోవడం, లెక్క తప్పడం, అనుభవం లేక తప్పు నిర్ణయం తీసుకోవడం. దీనికి సవరణ కావాలి గానీ కన్నీళ్లు అక్కర్లేదు. మూడోది ఇతరులు మీకు చేసిన అన్యాయం. హింసకో లైంగిక దోపిడీకో గురైనవారు తమలోనే ఏదో దోషం ఉందని ఏళ్ల తరబడి క్షమాపణ అడుగుతూ ఉండటం కనబడుతుంది. అది వాళ్లు ఒప్పుకోవలసిన పాపం కాదు. వాళ్లకు కావలసింది ఓదార్పు, రక్షణ, న్యాయం.

ఒకే సంఘటనలో ఈ మూడూ కలిసిపోతుంటాయి. అప్పగించిన పని మరచిపోవడం పొరపాటు. అడిగినప్పుడు "నాకెవరూ చెప్పలేదు" అనడం పాపం. ఆ సందర్భంలో ఎదుటివాడు నలుగురిలో మిమ్మల్ని తిట్టాడంటే అది అతని పాపం. మీ వంతు వరకే ఒప్పుకోండి, అతని వంతును మీ మీద వేసుకోకండి. అలాగని అతను తిట్టాడు కాబట్టి మీ అబద్ధం చెల్లిపోయిందనీ అనుకోకండి.

లోపల వినిపించే గొంతును కూడా పరీక్షించాలి. పరిశుద్ధాత్మ పాపాన్ని గురించి ఒప్పింపజేస్తాడని యోహాను 16:8 చెబుతుంది. ఆ ఒప్పింపు స్పష్టంగా ఉంటుంది: ఫలానా మాట అన్నావు, వెళ్లి సరిచేసుకో అంటుంది. చేయడానికి ఒక పని, వెళ్లడానికి ఒక దారి చూపిస్తుంది. నేరం మోపే గొంతు అలా కాదు. "నువ్వింతే, నీ బతుకింతే" అంటుంది. ఏం చేయాలో చెప్పదు, దేవుని దగ్గరికి వెళ్లకుండా ఆపుతుంది. ఆ రెండో గొంతుకు జవాబుగా రోమా 8:1 గట్టిగా చదవండి: క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు.

ఒక హెచ్చరిక. ఒప్పుకున్న పాపాన్నే రోజుకు పదిసార్లు ఒప్పుకుంటూ, సరిగ్గా ఒప్పుకున్నానా లేదా అనే కలవరం తగ్గనివారు ఉంటారు. ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికొచ్చాక ఇంకొకటి గుర్తొచ్చి అల్లాడిపోయేవాడు. మీ స్థితి ఇదైతే ఈ వ్యాసంలోని పరీక్షలను ఒంటరిగా చేయవద్దు. వివేకం గల ఒక్క సంఘ కాపరిని ఎంచుకుని, దేన్ని ఒప్పుకోవాలో ఎప్పుడు ఆపాలో ఆయన చెప్పినట్టు వినండి. మానసిక వైద్యుణ్ణి కూడా కలవండి. ఇది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు, చికిత్సకు లొంగే బాధ.

ఏ దుఃఖం మార్పు తెస్తుంది

సౌలు రాజు "పాపము చేసితిని" అన్నాడు. ఆ వెంటనే, పెద్దల ముందు నన్ను ఘనపరచమని సమూయేలును బతిమాలాడు (1 సమూయేలు 15:30). యేసును అప్పగించిన యూదా కూడా ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణెములు తిరిగి పారేశాడు, కానీ ప్రభువు దగ్గరికి వెళ్లకుండా మరణం వైపు వెళ్లాడు. దావీదు చేసిన వ్యభిచారం, హత్య, పేతురు ప్రభువును ఎరగననడం చిన్న పాపాలేమీ కావు. వాళ్ల దుఃఖం మాత్రం దేవుని వైపు తిరిగింది. దైవచిత్తానుసారమైన దుఃఖానికీ లోకసంబంధమైన దుఃఖానికీ పౌలు 2 కొరింథీయులు 7:10లో చెప్పే తేడా ఇదే.

మీ దుఃఖం ఏ రకమో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఈ సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలియదని మీకు ఖాయంగా చెబితే, బాధ మిగులుతుందా? ఏమీ మిగలకపోతే అది దొరికిపోతామన్న భయం. అలా తేలినా నిరాశపడనక్కర్లేదు. ఉన్న సంగతి దేవునికి చెప్పి, సరైన దుఃఖం ఇమ్మని అడగండి. కన్నీళ్లు రాకపోవడం కూడా అడ్డంకి కాదు. కొందరి స్వభావంలో కన్నీళ్లు తొందరగా రావు. పోగొట్టుకున్న ఆశీర్వాదం కోసం ఏశావు కన్నీళ్లతో వెతికినా ప్రయోజనం లేకపోయిందని హెబ్రీయులు 12:17లో ఉంది. ఏడుపు ఎంత వచ్చిందని కొలవకండి, తప్పుడు పని ఆగిందో లేదో చూడండి.

కాగితం మీద పెట్టడం

అరగంట ఖాళీ చేసుకోండి. ఫోను వేరే గదిలో పెట్టండి. కీర్తన 139లోని చివరి రెండు వచనాలను, నన్ను పరిశోధించమని అడిగే ఆ ప్రార్థనను, నెమ్మదిగా చదివి రెండు మూడు నిమిషాలు మౌనంగా ఉండండి. తర్వాత కాగితాన్ని నాలుగు గళ్లుగా గీయండి. మొదటి గడిలో ఏం చేశానో, రెండో గడిలో దానివల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో, మూడో గడిలో అప్పుడు నాకు నేను ఏ సాకు చెప్పుకున్నానో, నాలుగో గడిలో ఆ క్షణంలో దేన్ని కోరుకున్నానో లేదా దేనికి భయపడ్డానో రాయండి.

మొదటి గడి రాసేటప్పుడే చాలామంది జారిపోతారు. "నా కోపం" అని రాస్తారు. కోపం అన్నది స్వభావానికి పెట్టిన పేరు, దాన్ని ఎవరూ ఒప్పుకుని విడిచిపెట్టలేరు. ఇలా రాయండి: "నిన్న రాత్రి పిల్లల ఎదుట నా భార్యను 'నీకేం తెలుసు, నోరు మూసుకో' అన్నాను." "డబ్బు విషయంలో నమ్మకంగా లేను" అని కాకుండా "సంఘం కానుకల లెక్కలో రెండుసార్లు మొత్తం తగ్గించి రాసి ఆ తేడా ఉంచుకున్నాను" అని రాయండి. వాక్యానికి కర్త "నేను" అయి ఉండాలి. "నోరు జారింది", "అలా జరిగిపోయింది", "మాట మాట పెరిగింది" అని రాస్తే, మాట్లాడింది ఎవరో ఆ వాక్యంలో కనబడదు. అహరోను సరిగ్గా ఇదే చేశాడు: బంగారాన్ని అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది అన్నాడు (నిర్గమకాండము 32:24).

మూడో గడి ఎందుకంటే, సాకు బయటపడకపోతే అదే సాకు వచ్చే వారం కూడా పనిచేస్తుంది. ఆదాము స్త్రీ మీదికీ, ఆమెను ఇచ్చిన దేవుని మీదికీ నెట్టాడు. సౌలు జనం మీదికి నెట్టాడు. మనం అలసట మీదికి, పెంపకం మీదికి, "అందరూ చేస్తున్నదేగా" అన్న మాట మీదికి నెడతాం. అలసట నిజమే కావచ్చు. అది సందర్భాన్ని వివరిస్తుందే తప్ప తప్పును తుడిచేయదు.

నాలుగో గడి అన్నిటికంటే కష్టం, అందుకే ఎక్కువ సమయం దానికి ఇవ్వండి. మనిషి తన దురాశ చేత ఈడ్వబడి శోధింపబడతాడని, ఆ దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని యాకోబు 1:14-15లో ఉంది. భార్యను కించపరిచినవాడి నాలుగో గడిలో "నా మాట చెల్లకపోతే నాకు విలువ లేదని భయపడ్డాను" అని ఉండొచ్చు. అబద్ధం చెప్పినవారి గడిలో "అందరూ నన్ను మెచ్చుకోవాలి" అని ఉండొచ్చు. మూడు నాలుగు సంఘటనలు రాసేసరికి ఈ గడిలో ఒకే మాట మళ్లీ మళ్లీ కనబడుతుంది. అసలు పనిచేయవలసిన చోటు అక్కడ ఉంది.

మొత్తం జీవితాన్ని ఒక్కరోజులో రాసేయాలని చూడకండి. ఇటీవలి మూడు సంఘటనలతో మొదలుపెట్టండి. ఆ కాగితంలో ఇతరుల విషయాలు కూడా ఉంటాయి కనుక ఎవరికీ దొరక్కుండా ఉంచి, సరిచేయవలసినవి సరిచేశాక చింపేయండి.

దేవుని ఎదుట ఒప్పుకోవడం

మాటలు దొరకనివారు కీర్తన 51 వరుసను పట్టుకోండి. 1-2 వచనాల్లో దావీదు తన యోగ్యతను కాక దేవుని కృపను, వాత్సల్యాన్ని ఆధారం చేసుకుంటాడు. 3 నుంచి 6 వరకు పాపాన్ని పాపమంటాడు. 7-12లో కడగమని, శుద్ధ హృదయం కలుగజేయమని, రక్షణానందాన్ని మళ్లీ ఇమ్మని అడుగుతాడు. 13 నుంచి ఇక ఎలా జీవిస్తాడో చెబుతాడు. ఒక్కో భాగం చదివి ఆగి, మీ కాగితంలోని మాటలు అక్కడ పెట్టి గట్టిగా ప్రార్థించండి. గట్టిగా ఎందుకంటే, మనసులో అనుకున్నది మధ్యలోనే మెత్తబడిపోతుంది. నోటితో చెప్పినప్పుడు చివరిదాకా చెప్పక తప్పదు.

తర్వాత 1 యోహాను 1:9 చదవండి. మన పాపాలను మనం ఒప్పుకుంటే క్షమించడానికి ఆయన నమ్మదగినవాడు, నీతిమంతుడు అని ఆ వచనం చెబుతుంది. క్షమాపణ నిలబడేది మన ఒప్పుకోలు ఎంత బాగుందన్నదాని మీద కాదు, ఆయన గుణం మీద, క్రీస్తు చిందించిన రక్తం మీద. అది చదివాక అడగడం ఆపి కృతజ్ఞత చెప్పండి. రేపు అదే పాపం గుర్తొస్తే మళ్లీ క్షమాపణ అడగకుండా, క్షమించినందుకు మళ్లీ కృతజ్ఞత చెప్పండి. చిన్న మార్పులా ఉంటుంది గానీ చాలామందికి ఇక్కడే ఊపిరి ఆడుతుంది.

దీనికి పక్కనే ఒక గుంట ఉంది: తనను తాను శిక్షించుకోవడం. క్షమాపణకు వెలగా ఉపవాసాలు పెంచుకోవడం, మంచి బట్ట కట్టకపోవడం, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) పాలుపొందడం మానేసి నెలల తరబడి వెనక వరుసలో కూర్చోవడం వినయంలా కనిపిస్తాయి. ఉపవాసం మంచిదే. సిలువ దగ్గర చెల్లించేసిన దానికి మళ్లీ వెల కట్టబోవడం మంచిది కాదు.

మనుషుల దగ్గర ఎవరికి చెప్పాలి

పాపం ఎంతమందికి తగిలిందో ఒప్పుకోలు అంతమంది దాకా వెళ్లాలి. మనసులోనే ఉండిపోయినది దేవునితో చాలు. ఒక మనిషికి తగిలినది ఆ మనిషితో. సంఘం ముందు జరిగినది సంఘం ముందు. ఈ కొలత దాటినా, తగ్గినా హాని చేస్తుంది. ఒకరి మీద మనసులో అసూయ పడి, ఏమీ తెలియని ఆ వ్యక్తి దగ్గరికి వెళ్లి "మీ మీద అసూయపడ్డాను, క్షమించండి" అంటే మీ బరువు దింపుకుని అతని నెత్తిన పెట్టినట్టే. అలాగే ఇంట్లో ఒకరికి చేసిన అన్యాయాన్ని వారికి చెప్పకుండా సాక్ష్యంగా వేదిక మీద చెప్పేస్తే, ఆ ఇంటి మనిషి నలుగురిలో రెండోసారి గాయపడతారు. దాంపత్యంలో నమ్మకద్రోహం లాంటివి చెప్పే ముందు అనుభవజ్ఞుడైన కాపరితోనో సలహాదారుతోనో మాట్లాడండి. దాచడానికి కాదు, ఎప్పుడు, ఎలా, ఎవరి తోడుతో చెప్పాలో తెలుసుకోవడానికి.

నేరుగా అన్యాయం జరిగినవారు కాక, వినడానికి ఒక మనిషి కూడా కావాలి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16 చెబుతుంది. కతోలిక, ఆర్థడాక్స్ సంఘాల్లో ఇది గురువు (ఫాదర్) దగ్గర జరుగుతుంది. కతోలికులు ఏడాదికి కనీసం ఒక్కసారి ఒప్పుకోవాలని 1215లో నాలుగో లాటరన్ సభ, అంటే ఆ సంఘపు పెద్దల మహాసభ, నిర్ణయించింది. గురువు విన్నది బయటపెట్టకూడదన్న నియమం అక్కడ చాలా కఠినం. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువచోట్ల ఆరాధనలో అందరూ కలిసి చేసే ఒప్పుకోలు ఉంటుంది గానీ విడిగా వినే మనిషిని మీరే వెతుక్కోవాలి. మీరు స్త్రీ అయితే స్త్రీ, పురుషుడైతే పురుషుడు, విన్నది దాచగలవారు, విని నివ్వెరపోనివారు, "దానిదేముంది, అందరూ చేసేదే" అని తేల్చేయనివారు, రెండు వారాల తర్వాత గుర్తుపెట్టుకుని అడిగేవారు అయి ఉండాలి. చివరి గుణం దొరకడం కష్టం. దొరికితే మిగతావి కొంచెం తగ్గినా పరవాలేదు, రహస్యం నిలబెట్టడం మాత్రం తగ్గకూడదు.

సామూహిక ఒప్పుకోలు పెదవుల మీదుగా వెళ్లిపోకుండా ఉండాలంటే, ఆరాధనకు వెళ్లేముందే ఆ వారానిది ఒక్క పాపం పేరు పెట్టి సిద్ధం చేసుకుని వెళ్లండి. అందరూ చెప్పే మాటల మధ్య మీ మాట అక్కడ పెట్టండి.

క్షమించమని అడిగే మాటలు

తప్పిపోయిన కుమారుడు తండ్రి దగ్గరికి బయలుదేరకముందే ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాడు (లూకా 15:18-19). ముందుగా మాటలు కూర్చుకోవడం నటన కాదు. తడబాటులో సాకులు దూరకుండా అది కాపాడుతుంది. ఏం చేశారో చెప్పండి, అది తప్పని చెప్పండి, దానివల్ల ఎదుటివారికి ఏమైందో చెప్పండి, ఏం సరిచేస్తారో చెప్పండి, క్షమించమని అడగండి, ఆగిపోండి. ఉదాహరణకు: "మీరు నమ్మి చెప్పిన సంగతిని నేను మరో ఇద్దరికి చెప్పాను. అది తప్పు. దానివల్ల మీరు అందరిలో తలదించుకోవలసి వచ్చింది. ఆ ఇద్దరి దగ్గరికీ వెళ్లి, నేను చెప్పకూడనిది చెప్పానని ఒప్పుకుంటాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను. వెంటనే జవాబు చెప్పనక్కర్లేదు."

"మీకు బాధ కలిగి ఉంటే", "నా ఉద్దేశం అది కాదు గానీ", "మీరు కూడా ఆ రోజు" అన్న మూడు మాటలూ వాడకండి. మొదటిది జరిగిన నష్టాన్ని అనుమానంలో పడేస్తుంది, రెండోది మిమ్మల్ని సమర్థిస్తుంది, మూడోది ఎదుటివారిని బోనులో నిలబెడుతుంది. "క్రైస్తవులు కదా, క్షమించాలి" అని వాక్యం ఎత్తి చూపడం ఇంకా పెద్ద తప్పు. క్షమించమనే ఆజ్ఞను వారికి గుర్తుచేయడం దేవుని పని, మీది కాదు.

వీలైతే ఎదురుగా కూర్చుని చెప్పండి. మీరంటే భయపడేవారి విషయంలో మాత్రం ఎదురుపడకండి. ఉత్తరం రాయండి, లేదా మధ్యవర్తి ద్వారా అడిగించండి. కలవడం ఇష్టం లేదని వారంటే అక్కడితో వదిలేయాలి.

చట్టం దృష్టిలో నేరమైన పాపాలకు ప్రార్థన గది సరిపోదు. పిల్లల మీద జరిగిన అఘాయిత్యం, ఇంట్లో హింస, సంస్థ డబ్బు దొంగిలించడం లాంటివి అధికారుల దగ్గరికి వెళ్లాలి. చేసినవాడు నిజంగా పశ్చాత్తాపపడితే శిక్షను తప్పించుకోవడానికి సంఘాన్ని అడ్డం పెట్టుకోడు. పెద్దలు "లోపలే సర్దుకుందాం" అంటే అది కనికరం కాదు. రేపు మరొకరికి హాని జరగడానికి దారి తెరిచినట్టు.

తిరిగి చెల్లించడం

తీసుకున్నదాన్ని ఉంచుకుని క్షమాపణ అడగడం కుదరదు. ధర్మశాస్త్రంలో లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. గొర్రెను దొంగిలించి చంపినా అమ్మినా నాలుగు గొర్రెలు, ఎద్దు అయితే అయిదు ఎద్దులు (నిర్గమకాండము 22:1). తానుగా ఒప్పుకున్నవాడు మాత్రం అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి (సంఖ్యాకాండము 5:7). అంటే పది వేలకు పన్నెండు వేలు. సుంకరుల పెద్ద అయిన జక్కయ్య తానుగానే ఒప్పుకున్నాడు, అయినా దొంగకు విధించే నాలుగంతల లెక్కనే తన మీద వేసుకున్నాడు, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. యేసు అతని ఇంట బస చేస్తానన్నది ఈ మాటకు ముందే అన్న సంగతి మరవకండి. ఆ చెల్లింపుతో అతను ప్రభువు దయను కొనుక్కోలేదు. దయ దొరికాక చేతులు తెరుచుకున్నాయి.

క్రైస్తవుడికి ఆ లెక్క అక్షరాలా చట్టం కాదు గానీ మంచి కొలత. అసలు పూర్తిగా ఇవ్వాలి, కలిగిన ఇబ్బందికి కొంత కలపాలి. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాలు కాగితం మీద రాసి, మొదటి వాయిదా ఆ రోజే ఇవ్వండి. మొదటిది వాయిదా పడితే మిగతావీ పడతాయి. మనిషి చనిపోతే వారసులకు ఇవ్వండి. ఎవరూ లేకపోతే యాజకుని ద్వారా యెహోవాకు చెల్లించమని సంఖ్యాకాండము 5:8లో ఉంది. ఆ పద్ధతిలో సంఘానికో బీదలకో, పేరు చెప్పకుండా ఇవ్వొచ్చు.

డబ్బు కానివాటికి చెల్లింపు ఇంకా కష్టం. చాడీ చెప్పినవారు, విన్నవారందరి దగ్గరికీ తిరిగి వెళ్లాలి. ఒకరి పనికి వచ్చిన మెప్పును మీరు కాజేస్తే, ఆ మెప్పు ఇచ్చినవారి దగ్గరే పేరు సరిచేయాలి. పిల్లలకు ఇవ్వని సమయాన్ని బహుమతితో పూడ్చలేరు, సమయంతోనే పూడ్చాలి.

మళ్లీ పడకుండా

ఎఫెసీయులు 4:28 చూడండి. దొంగిలేవాడు ఇక దొంగిలకూడదు అన్న దగ్గర పౌలు ఆగలేదు. తన చేతులతో కష్టపడాలి, అక్కరగలవారికి ఇవ్వాలి అన్నాడు. మానేసిన చోట మరొకటి నాటాలి. అపవిత్రాత్మ వెళ్లిపోయిన ఇల్లు ఊడ్చి ఖాళీగా ఉంటే మరి ఏడు ఆత్మలు వచ్చి చేరతాయని ప్రభువే హెచ్చరించాడు (మత్తయి 12:43-45). అబద్ధం అలవాటున్నవారు "ఇక అబద్ధమాడను" అనుకోవడంతో ఆపకుండా, చెప్పిన అబద్ధాన్ని ఆ రోజు ముగిసేలోపు సరిచేసే నియమం పెట్టుకోవాలి. రెండు మూడుసార్లు వెనక్కి వెళ్లి "ఇందాక చెప్పింది నిజం కాదు" అన్నాక నాలుక తనంతట తానే ఆగడం నేర్చుకుంటుంది.

తీర్మానం సాయంత్రానికల్లా అవునో కాదో చెప్పగలిగేంత చిన్నదిగా ఉండాలి. "మంచి భర్తగా ఉంటాను" అన్నదాన్ని ఎవరూ సరిచూడలేరు. "గొంతు పెరుగుతోందని తెలియగానే గది దాటి వెళ్లి పది నిమిషాల తర్వాత తిరిగొచ్చి మాట ముగిస్తాను" అన్నదాన్ని సరిచూడవచ్చు. తిరిగి రావడం అన్న భాగం వదిలేయకండి. అది లేకపోతే కోపం పోయి మౌనంతో శిక్షించడం మొదలవుతుంది.

పాపం జరిగిన చోటు నుంచి వెనక్కి నడిచి చూడండి. అశ్లీల చిత్రాలు చూసినవారు ఆ క్షణాన్నే తలచుకుంటారు. దానికి ముందు ఒంటరితనం, అంతకు ముందు ఫోనుతో పడక మీద గంట, అంతకు ముందు ఎవరితోనో జరిగిన గొడవ ఉంటాయి. గొలుసులో మొదటి కొక్కెం దగ్గర తెంచడం తేలిక, చివరి దగ్గర దాదాపు అసాధ్యం. కాబట్టి ఫోను రాత్రి పడకగదిలోకి రాకూడదన్నది ఆ మనిషికి అసలైన తీర్మానం. ఎఫెసులో మాంత్రిక విద్య విడిచినవారు యాభై వేల వెండి రూకల విలువైన పుస్తకాలను అమ్ముకోకుండా కాల్చేశారు (అపొస్తలుల కార్యములు 19:19). దాచి ఉంచిన నంబరు, తొలగించని యాప్, "అవసరానికి" అట్టిపెట్టుకున్న సీసా ఉన్నంతకాలం తిరిగి వెళ్లే దారి తెరిచే ఉంటుంది.

మీరు ఎంచుకున్న మనిషితో వారానికొకసారి ఇరవై నిమిషాలు మాట్లాడండి. అతను అడగవలసినవి ముందే రాసి ఇవ్వండి: ఈ వారం పడ్డావా? ఎక్కడ దగ్గరగా వెళ్లావు? సరిచేయవలసిన పని ఏదైనా మిగిలిందా? ఇప్పుడు నాతో దాచినది ఏమైనా ఉందా? పడిన వారం కలవకుండా తప్పించుకోవాలని అనిపిస్తుంది. ఆ వారమే తప్పకుండా కలవాలి.

పడితే ఇరవై నాలుగు గంటల్లోపు దేవునికీ ఆ మనిషికీ చెప్పండి. ఒకసారి పడ్డాక "ఎలాగూ పాడైంది" అని మరో నాలుగు రోజులు కొనసాగించడం మొదటిసారి పడటం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఎదుగుదలను ఎప్పుడూ పడకపోవడంతో కొలవొద్దు. పడటానికీ ఒప్పుకోవడానికీ మధ్య కాలం తగ్గుతోందా, దాచడం తగ్గుతోందా, పాపానికి పాపానికి మధ్య ఎడం పెరుగుతోందా చూడండి. నాలుగైదు నెలలైనా వీటిలో ఏదీ కదలకపోతే మీ నాలుగో గడి ఇంకా సరిగ్గా బయటపడలేదని అర్థం. వ్యసనమైతే ప్రార్థనతోపాటు చికిత్స కూడా తీసుకోండి.

రాత్రి పడుకునేముందు పది నిమిషాల పరీక్ష ఈ పనంతటినీ నిలబెడుతుంది. పదహారో శతాబ్దంలో జెస్యూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన వరుస ఇప్పటికీ బాగా పనిచేస్తుంది: ముందు కృతజ్ఞత, తర్వాత చూడడానికి వెలుగు ఇమ్మని ప్రార్థన, ఉదయం నుంచి గంట గంటా వెనక్కి చూడడం, తప్పినచోట క్షమాపణ, రేపటికి ఒక్క నిర్ణయం. కృతజ్ఞతతో మొదలవడం ముఖ్యం. దేవుని మంచితనమే మనిషిని మారుమనస్సు వైపు నడిపిస్తుందని రోమా 2:4లో ఉంది కదా.

క్షమాపణ, నమ్మకం, తిరిగి బాధ్యత

క్షమాపణ ఈ రోజే దొరకొచ్చు. నమ్మకానికి కాలం పడుతుంది. దావీదు ఒప్పుకోగానే ప్రవక్త నాతాను, దేవుడు నీ పాపాన్ని తీసివేశాడని చెప్పాడు, అయినా ఆ పాపం ఫలితాలు దావీదు ఇంట్లో ఏళ్ల తరబడి నడిచాయి. క్షమించిన భార్య ఇంకా మీ ఫోను చూస్తుందంటే, క్షమించలేదని ఆమె మీద నేరం మోపకండి. లెక్కలు తప్పించినవారి చేతికి మళ్లీ కానుకల పెట్టె ఇవ్వకపోవడం పగ కాదు. "ఎన్నాళ్లు?" అని అడిగే హక్కు తప్పు చేసినవారికి లేదు.

సంఘంలో బోధించేవారు, నాయకులు ఘోరంగా పడితే ఆ బాధ్యత వదిలి పక్కకు జరగాలి. ఎప్పుడు తిరిగి రావాలో, అసలు రావాలో లేదో ఇతరులు నిర్ణయించాలి. పిల్లల్ని, బలహీనుల్ని గాయపరిచినవారికి అలాంటి బాధ్యత మళ్లీ ఇవ్వకూడదు.

అలాగని పశ్చాత్తాపపడిన మనిషిని వాకిట్లోనే నిలబెట్టడం కూడా పాపమే. కొరింథులో ఒకడికి సంఘం వేసిన శిక్ష చాలునని, ఇక క్షమించి ఆదరించకపోతే అతను అత్యధికమైన దుఃఖంలో మునిగిపోతాడని పౌలు రాశాడు (2 కొరింథీయులు 2:6-8). అలాంటివారు మీ మధ్య ఉంటే, ఆరాధనలో వారి పక్కన కూర్చోండి. భోజనానికి పిలవండి. పాత సంగతిని సరదాకి కూడా ఎత్తకండి. వారి విషయంలో పెట్టిన కట్టుబాట్లు ఏవైనా ఉంటే వాటిని వారికి ముఖాముఖి చెప్పండి, వెనక గుసగుసలుగా కాదు. వారం వారం వారిని అడగవలసిన ఆ నాలుగు ప్రశ్నలకు మీలో ఒకరు సమయం కేటాయించండి.